రీబేస్ సగంలో కూలిన గిట్, మారిపోయిన ఒక్క అక్షరం

పర్లాకిమిడిలో కూర్చుని మేం కొందరం సవర మాటల పట్టిక ఒకటి తయారుచేస్తున్నాం. సవర మాట, దానికి తెలుగు అర్థం, ఒడియా అర్థం, ఏ ఊళ్ళో విన్నామో ఆ వివరం. గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, ఇటు ఆంధ్రాలో సీతంపేట కొండల్లోనూ సవరలు ఉన్నారు. వాళ్ళ పిల్లలకి ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఆ పిల్లలు ఫోన్లో వెతుక్కునేలా చిన్న యాప్ చెయ్యాలని మా ఆశ. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకున్నది ఈ ఊళ్ళో ఉన్నప్పుడే. అందుకేనేమో, ఈ పని ఇక్కడ మొదలుపెడితే ఎవరూ ఎందుకని అడగలేదు. మాటలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటాయి, ఆ ఫైళ్ళన్నీ గిట్‌లో ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్ అది.

మాటలు సేకరించేది గుణుపురంలో ఉండే ఒక మాస్టారు. సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగి, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, విన్నవి నోటు పుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చి టైపు చేస్తారు. ఒక్కో ఊరికి కొన్ని కమిట్లు, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పులు. ఆయన బ్రాంచ్, అంటే ఆయన కమిట్ల వరుస, నా దగ్గరకి వస్తే, దాన్ని మెయిన్ (అందరి ఉమ్మడి వరుస) మీదకి రీబేస్ చేసి, అంటే ఆ కమిట్లని మెయిన్ చివర మళ్ళీ పేర్చి, చదివి, కలుపుతాను. రెండు వరుసల్నీ ఉన్నవున్నట్టు ముడివేసే మెర్జ్ చేసేస్తే పోదా అని మా వాళ్ళే అడుగుతుంటారు. నాకు మాత్రం చరిత్ర ఒకే గీతలా ఉండాలి. ఫలానా మాట ఏ ఊరి నుంచి, ఏ రోజు వచ్చిందో ఐదేళ్ళ తర్వాత వెతికేవాళ్ళకి తిన్నగా దొరకాలి. రాసి ఉంచింది తక్కువున్న భాషకి ఆ వివరం చాలా విలువైనది.

ఈసారి రీబేస్ కొంచెం పెద్దది. ఊరివారీగా ఉన్న ఫైళ్ళని మెయిన్‌లో అక్షరక్రమంలోకి మార్చాం, మాస్టారి బ్రాంచ్ ఆ మార్పుకి ముందుది. మొదట చకచకా నడిచింది. తెర మీద రీబేసింగ్ 23/61 అని ఉండగా ఒక్క లైను పడింది: సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్. అంతే. ఒకే చోట రెండు వైపులా మార్చడం వల్ల కాన్‌ఫ్లిక్ట్ వస్తే గిట్ చక్కగా చెబుతుంది, ఏ ఫైల్లో వచ్చిందో, సరిచేశాక ఏ కమాండ్ కొట్టాలో కూడా. ఇది ఆ రకం కాదు. ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామే పడిపోయింది.

ఇలాంటప్పుడు అందరికీ ముందు వచ్చే టెన్షన్ ఒక్కటే, పని పోయిందా అని. పోదు. రీబేస్ నడిచేటప్పుడు గిట్ మన బ్రాంచ్‌ని అసలు ముట్టుకోదు. హెడ్‌ని, అంటే మనం ఇప్పుడు ఏ కమిట్ మీద ఉన్నామో చెప్పే గుర్తుని, బ్రాంచ్ నుంచి విడదీసి, మెయిన్ చివర నిలబెట్టి, పాత కమిట్లని ఒక్కొక్కటిగా అక్కడ మళ్ళీ తయారుచేస్తుంది. చివరి కమిట్ కూడా అయ్యాకే బ్రాంచ్ పేరుని కొత్త చోటికి జరుపుతుంది. సగంలో కూలితే బ్రాంచ్ ఇంకా పాత చోటే ఉంటుంది. బయల్దేరిన చోటు డాట్ గిట్ లోపల రీబేస్-మెర్జ్ అనే ఫోల్డర్లో, ఒరిజ్-హెడ్ అనే ఫైల్లో రాసి ఉంటుంది. ఏ ఎడిటర్లో తెరిచినా కనపడే మామూలు ఫైలే అది. మాస్టారికి వెంటనే ఫోన్ చేసి చెప్పాను.

"మాస్టారూ, మీ కమిట్లు ఎక్కడికీ పోలేదు. కంగారు పడకండి."

"నోటు పుస్తకాలు ఉన్నాయిలే అమ్మా. కానీ మళ్ళీ టైపు చెయ్యడమంటే నా కళ్ళు ఒప్పుకోవు."

రీబేస్-మెర్జ్ ఫోల్డర్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అందులో చెయ్యాల్సిన కమిట్ల జాబితా ఒక ఫైల్లో, అయిపోయినవి డన్ అనే ఇంకో ఫైల్లో ఉంటాయి. ఒక కమిట్‌ని చేతిలోకి తీసుకోగానే, అది పూర్తవకముందే, గిట్ దాన్ని డన్ ఫైల్లోకి రాసేస్తుంది. ఆ కమిట్ మీద ఉండగా ప్రోగ్రామ్ కూలితే, తర్వాత మనం కంటిన్యూ కొడితే, అది అయిపోయిందనుకుని దాని తర్వాతిదానికి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. రీబేస్ విజయవంతం అని వస్తుంది, మధ్యలో ఒక కమిట్ మాత్రం ఉండదు. ఒక ఊరి మాటలన్నీ అలా చప్పుడు లేకుండా జారిపోతాయి. కాబట్టి క్రాష్ తర్వాత కంటిన్యూ జోలికి పోకుండా, అబార్ట్ కొట్టి, అంటే రీబేస్ రద్దు చేసి, మొదటి నుంచి మొదలుపెట్టడమే మంచిది. తప్పదనుకుంటే డన్ ఫైల్లో చివరి లైను చూసి, ఆ కమిట్ నిజంగా చేరిందో లేదో లాగ్‌లో పోల్చుకోవాలి.

అబార్ట్ కంటే కూడా ముందు ఫోల్డర్ మొత్తం, డాట్ గిట్‌తో సహా, ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. దీనికి గిట్ తానే తీసే కాపీ, అంటే క్లోన్, సరిపోదు. క్లోన్‌లో కమిట్లు వస్తాయి గానీ రీఫ్లాగ్ (బ్రాంచ్ ఇంతకుముందు ఎక్కడెక్కడ ఉందో గిట్ రాసుకునే చిట్టా) రాదు, సగంలో ఆగిన రీబేస్ స్థితి రాదు. తర్వాత అబార్ట్ కొడితే, ఈ రిపాజిటరీలో ఇంకో గిట్ నడుస్తున్నట్టుంది అని ఆపేసింది. కూలిపోయిన గిట్ వెనకాల వదిలిన ఇండెక్స్ లాక్ ఫైల్ అది. దాన్ని తీసెయ్యవచ్చు, కానీ నిజంగా ఇంకో గిట్ నడవడం లేదని ప్రాసెస్‌ల జాబితాలో చూసుకున్నాకే. ఎడిటర్లు వెనక నుంచి గిట్‌ని పిలుస్తుంటాయి కాబట్టి అన్నీ మూసేసి చూసి, అప్పుడు తీశాను. అబార్ట్ అయింది. బ్రాంచ్ చెక్కుచెదరకుండా ఉంది.

మళ్ళీ రీబేస్ మొదలుపెట్టాను. ఈసారి 23 దాటింది. నలభైల్లోకి వెళ్ళాక కూలింది. ఇంకోసారి చేస్తే పదికి కూడా రాకముందే ఆగింది, అదీ సెగ్మెంటేషన్ ఫాల్ట్ కాదు. ఇన్‌ఫ్లేట్, డేటా స్ట్రీమ్ ఎర్రర్, ఇన్‌కరెక్ట్ డేటా చెక్ అని వచ్చింది. కుదించి దాచిన ఆబ్జెక్ట్‌ని (గిట్ దాచుకునే ఫైలు, ఫోల్డరు, కమిట్ లాంటిదాన్ని) విప్పితే లోపల లెక్క సరిపోలేదని దాని అర్థం.

ఆ తేడా ప్రాముఖ్యం అప్పుడే తలకెక్కలేదు, ఎందుకంటే మా బృందంలో అప్పటికే ఒక అనుమానం బలంగా ఉంది. సవర రాయడానికి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి ఉంది. 1936లో మంగెయి గొమాంగో తయారుచేశారు, 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. ఈమధ్యే ఆ లిపిలో కూడా మాటలు చేర్చడం మొదలుపెట్టాం. తెలుగు అక్షరం, ఒడియా అక్షరం యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కోటి 3 బైట్లు. సొరాంగ్ సొంపెంగ్ అక్షరం 4 బైట్లు. ఆ నాలుగో బైటే గిట్ గొంతులో అడ్డం పడుతోందని మా వాళ్ళ వాదన.

వినడానికి నిజంలాగే ఉంటుంది గానీ, గిట్ పనిచేసే తీరుకి అది పొసగదు. గిట్‌కి అక్షరాలు తెలియవు. దానికి ఫైలంటే బైట్ల వరుస. లైన్లు ఎక్కడ విరుగుతున్నాయో చూస్తుంది, మొదటి 8000 బైట్లలో సున్నా బైట్ ఉందేమో చూసి ఉంటే బైనరీ అనుకుంటుంది. ఆ బైట్లు తెలుగా, ఒడియానా, సవరా అని ఎక్కడా అడగదు. ఫైళ్ళ పేర్ల దగ్గర మాత్రం కొంచెం వింతగా కనిపిస్తుంది. క అనే అక్షరంతో పేరున్న ఫైల్‌ని స్టేటస్‌లో 340, 260, 225 అని మూడు అంకెల గుంపులుగా చూపిస్తుంది. అది పాడైపోవడం కాదు, అవే ఆ మూడు బైట్లు, ఆక్టల్ అంకెల్లో. కోర్ కోట్‌పాత్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. మా ఊళ్ళో గిట్ నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లాడూ ఆ అంకెలు చూసి బెదిరిపోతారు, అందుకని ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

అయినా మాటతో తోసిపుచ్చడం కంటే చూపించడం మేలు. సొరాంగ్ సొంపెంగ్ ఫైళ్ళు ఒక్కటీ లేని పాత బ్రాంచ్‌ని రీబేస్ చేశాను. అదీ కూలింది. ఆ అనుమానం అక్కడితో సరి.

తర్వాత నా కన్ను గిట్ వెర్షన్ మీద పడింది. ఉబుంటు 22.04తో వచ్చేది 2.34.1. మెర్జ్, రీబేస్‌లకి మనం ఏదీ చెప్పకపోతే ఓఆర్‌టీ అనే కొత్త పద్ధతిని వాడడం మొదలైంది 2.34లోనే, తప్పు అందులో ఉందేమో అనుకున్నాను. ఫోల్డర్ల పేర్లు మారినప్పుడు ఏ ఫైలు ఎక్కడికి వెళ్ళిందో పోల్చే పని ఎక్కువ, మా రీబేస్‌లో సరిగ్గా అదే ఉంది. కాబట్టి పాత రికర్సివ్ పద్ధతి పెట్టి నడిపాను. కూలింది. కొత్త గిట్ వేసుకుని నడిపాను. అదీ కూలింది. మెమరీ చాలక కెర్నల్ చంపేస్తోందేమో అనీ చూశాను. అలా అయితే ఎగ్జిట్ కోడ్ 137 రావాలి, 128కి సిగ్నల్ నంబర్ 9 కలిపితే వచ్చేది. నాకు వచ్చింది 139, అంటే 128కి 11. కెర్నల్ లాగ్‌లో కూడా మెమరీ చాలలేదన్న కబురు లేదు.

ఇక కోర్ డంప్‌లు, అంటే కూలిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీని దాచిన ఫైళ్ళు, తెరిచాను. తప్పులు వెతికే జీడీబీ అనే పనిముట్టులో బ్యాక్‌ట్రేస్ తీస్తే ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్లో ఉండగా పడిపోయిందో తెలుస్తుంది. ఒక డంప్‌లో జెడ్‌లిబ్ అనే కుదింపు లైబ్రరీ, ఆబ్జెక్ట్‌ని విప్పుతున్న చోట. ఇంకోదాంట్లో డిఫ్ తీసే చోట. మరొకదాంట్లో ఫోల్డర్ జాబితా చదివే చోట, అదీ ఎక్కడో లేని అడ్రస్ పట్టుకుని. మూడూ పక్కపక్కన పెట్టి చూశాక అప్పుడు వెలిగింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే మామూలుగా అది అదే ఇన్‌పుట్‌కి అదే చోట పడాలి. రీబేస్ ఒకే ప్రాసెస్, అవే కమిట్లు, అదే క్రమం. ప్రతిసారీ కొత్త చోట పడిపోతోందంటే, గిట్ కింద ఉన్న నేల కదులుతోంది.

ఇది తేల్చడానికి రెండో యంత్రం కావాలి. మా అక్కావాళ్ళు పాతపట్నంలో ఉంటారు, మహేంద్రతనయ దాటితే వచ్చేస్తుంది. బావకి ఫోన్ చేశాను.

"బావా, మీ లాప్‌టాప్ ఒక్క పూట కావాలి."

"తీసుకెళ్ళమ్మా. పిల్లది ప్రాజెక్టు చేసుకోవాలంటోంది, రాత్రికి మాత్రం తెచ్చీ."

అది నా దానికంటే పాతది, నెమ్మదైనది. పెన్‌డ్రైవ్‌లోని కాపీని అందులో పెట్టి ముందుగా ఎఫ్ఎస్‌సీకే నడిపాను. రిపాజిటరీలో ఉన్న ప్రతి ఆబ్జెక్ట్‌ని విప్పి, దాని హాష్ (లోపలి బైట్ల నుంచి కట్టే గుర్తు, గిట్‌లో అదే దాని పేరు) మళ్ళీ లెక్కకట్టి, పేరుతో సరిపోతోందా అని చూసే కమాండ్ అది. ఒక్క తప్పు లేదు. రీబేస్ కొట్టాను. మధ్యలో రెండు మామూలు కాన్‌ఫ్లిక్ట్‌లు వచ్చాయి, సరిచేశాను, 61/61 అయిపోయింది. ఇంటికొచ్చి నా లాప్‌టాప్‌లో అదే ఎఫ్ఎస్‌సీకే నడిపితే ఒక ఆబ్జెక్ట్ పాడైందంది. మళ్ళీ నడిపితే అది బాగానే ఉంది, వేరేది పాడైందంది. డిస్క్ మీద నిజంగా పాడైన ఫైలు అలా బాగైపోదు.

డిస్క్ నుంచి చదివిన ఫైలు ర్యామ్‌లో కాసేపు ఉండిపోతుంది, రెండోసారి అడిగితే అక్కడి నుంచే వస్తుంది. అందుకని ఇంకో పరీక్ష చేశాను, ఇది ఎవరైనా ఇంట్లోనే చెయ్యవచ్చు. పెద్ద ఫైలు ఒకటి తీసుకుని దాని షా-256 (ఒక రకం హాష్) లెక్క తీయడం, లైనక్స్‌లో ఆ కాష్‌ని ఖాళీ చెయ్యడం, మళ్ళీ లెక్క తీయడం. ఫైలు మారలేదు కాబట్టి లెక్క మారకూడదు. నాకు మారింది. మధ్యాహ్నం ఎండ మండుతున్నప్పుడు ఇంకా ఎక్కువగా మారింది.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86 ప్లస్‌ని పెన్‌డ్రైవ్ మీద వేసి, లాప్‌టాప్‌ని దానితో బూట్ చేసి పడుకున్నాను. ఇది ఉబుంటు, విండోస్ ఏవీ లేకుండా నేరుగా లేచి, ర్యామ్‌లో ప్రతి గదిలోనూ ఒక నమూనా రాసి, తిరిగి చదివి చూస్తుంది. తెల్లారి లేచేసరికి తెర కింద సగం ఎర్ర గీతలు. ప్రతి గీతలోనూ రాసిన అంకె ఒకటి, చదివిన అంకె ఒకటి. రెంటికీ తేడా ప్రతిచోటా ఒకే ఒక్క బిట్, అదీ బైట్‌లో కుడి నుంచి రెండోది. ఆ సంగతి కాగితం మీద రాసిపెట్టుకున్నాను. తర్వాత అదే పనికొచ్చింది.

బజార్లో లాప్‌టాప్‌లు బాగుచేసే అతని దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఏటైంది మేడం? ఆన్ అవట్లేదా?"

"ఆన్ అవుతోంది. ర్యామ్ పోయింది."

"ర్యామ్ పోతే అసలు డిస్‌ప్లేనే రాదు కదండీ."

చాలామంది అలాగే అనుకుంటారు. మొత్తం పోతే రాదు. కోట్ల బిట్లలో ఒకటో రెండో పోతే లాప్‌టాప్ లేస్తుంది, సినిమా ఆడుతుంది, వాట్సాప్ నడుస్తుంది. పాటలో ఒక బిట్ మారితే చెవికి తెలియదు, ఫోటోలో ఒక చుక్క రంగు మారితే కంటికి ఆనదు. గిట్ దగ్గర మాత్రం దాగదు. ప్రతి ఫైలుకీ, ఫోల్డరుకీ, కమిట్‌కీ దానిలోని బైట్ల నుంచే 40 అక్షరాల పేరు పెట్టేది గిట్. చదివిన ప్రతిసారీ కుదింపు లెక్క సరిచూసేదీ అదే. అందుకే ర్యామ్ చెడితే ఇంట్లో అన్నిటికంటే ముందు మూలిగేది తరచుగా గిట్టే అవుతుంది. మెమ్‌టెస్ట్ తెర ఫోటో చూపించాక అతను నమ్మాడు. వెనక మూత విప్పి, రెండు ర్యామ్ కార్డులూ తీసి, ముందు పిన్నుల మీద రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. నిజంగానే కొన్నిసార్లు దాంతో సరిపోతుంది, మట్టి, తుప్పు పోతాయి. మాకు సరిపోలేదు. ఒక్కో కార్డూ విడిగా పెట్టి మెమ్‌టెస్ట్ నడిపితే ఒకదాంట్లో ఒక్క ఎర్ర గీతా లేదు, రెండోదాంట్లో నిమిషాల్లోనే మొదలయ్యాయి. చెడ్డదాన్ని తీయించేసి, మంచి కార్డు ఒక్కదానితోనే ఇంటికొచ్చాను. రీబేస్ ఎన్నిసార్లు చేసినా గతుకు లేకుండా నడిచింది.

అయితే అసలు భయం నాకు అప్పుడు మొదలైంది.

గిట్ హాష్ కాపలా కాసేది, హాష్ కట్టిన తర్వాత వచ్చిన మార్పుని. మరి హాష్ కట్టకముందే బైట్ మారిపోతే? రీబేస్‌లో గిట్ రెండు వైపుల మార్పుల్నీ ర్యామ్‌లో కలిపి, కొత్త ఫైలు తయారుచేసి, అప్పుడు దాని హాష్ కట్టి దాస్తుంది. కలిపిన ఆ కాస్సేపట్లో ఒక బిట్ తిరగబడితే, తిరగబడినదానికే హాష్ కడుతుంది. పేరుకీ లోపలున్నదానికీ పొత్తు కుదురుతుంది. ఎఫ్ఎస్‌సీకే ఎప్పటికీ ఏమీ అనదు. కూలిపోయిన రీబేస్‌ల గురించి నాకు బెంగ లేదు, అవి అబార్ట్‌తో పోయాయి. కూలకుండా పూర్తయి, పుష్ అయిపోయి, అందరి దగ్గరకీ చేరిపోయిన పాత రీబేస్‌ల సంగతేంటి? ఆ ర్యామ్ ఎప్పటి నుంచి చెడిందో ఎవరికి తెలుసు?

దీన్ని పట్టుకునే దారి గిట్‌లోనే ఉంది. అదే కమిట్లని, అదే మెయిన్ మీదకి, మంచి యంత్రంలో మళ్ళీ రీబేస్ చేస్తే ఫైళ్ళు ముందు వచ్చినట్టే రావాలి. కమిట్ హాష్‌లు మారతాయి, ఎందుకంటే అందులో కమిట్ చేసిన సమయం కూడా ఉంటుంది. కానీ కమిట్ చూపించే ట్రీ, అంటే ఆ క్షణానికి ఉన్న ఫైళ్ళ మొత్తం, దాని హాష్ మారకూడదు. రెండు వైపులా ట్రీ హాష్‌లు పక్కపక్కన పెట్టి పోలిస్తే చాలు, లక్ష లైన్లు కంటితో చదవక్కర్లేదు.

రీబేస్‌కి ముందున్న పాత కమిట్లు కావాలి కదా. కొన్ని నా రీఫ్లాగ్‌లోనే దొరికాయి. బ్రాంచ్ నుంచి చేరలేని పాత చోట్లని రీఫ్లాగ్ మామూలుగా 30 రోజులు గుర్తుంచుకుంటుంది, చేరగలిగేవాటిని 90 రోజులు. అంతకంటే పాతవి మాస్టారి దగ్గరున్నాయి. ఆయన పాత బ్రాంచ్‌లు ఒక్కటీ తీసెయ్యరు, ప్రతి ఊరికీ ఒక బ్రాంచ్ ఆ ఊరి పేరుతోనే ఉంచుతారు. తీసెయ్యండి మాస్టారూ, చెత్త పెరుగుతోంది అని మా కుర్రాళ్ళు ఆయనకి చెబుతూనే ఉండేవారు. గుణుపురం రైలెక్కి వెళ్ళి ఆయన కంప్యూటర్ నుంచి అన్నీ తెచ్చుకున్నాను. ఫోన్ నెట్‌తో అంతా పంపించుకోవడం కంటే అదే తేలిక.

ఒక్కో రీబేస్ మళ్ళీ నడిపించాను. కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన చోట చేత్తో ఎలా సరిచేశామో పుష్ అయిన కమిట్ చూసి అలాగే పెట్టాలి, అక్కడ మాత్రం లైను లైనూ చదవాల్సి వచ్చింది. మిగతావన్నీ స్క్రిప్ట్ చూసుకుంది. ట్రీ హాష్‌లు ఒకదాని వెంట ఒకటి సరిపోతూ వచ్చాయి. ఒకచోట సరిపోలేదు. అక్కడి నుంచి పైకి ఉన్న కమిట్లన్నిట్లోనూ అదే తేడా మోసుకుని వచ్చింది, కాబట్టి చూడాల్సింది మొదటిదొక్కటే. డిఫ్ తీశాను. ఒకే ఫైలు, ఒకే లైను. మాస్టారు తెలుగు అర్థం దగ్గర కంప అని రాశారు, ముళ్ళ కంప. పుష్ అయినదాంట్లో గంప అని ఉంది.

క బైట్లు 224, 176, 149. గ బైట్లు 224, 176, 151. 149కీ 151కీ తేడా ఒకే బిట్, కుడి నుంచి రెండోది. మెమ్‌టెస్ట్ ఎర్ర గీతల్లో నేను రాసిపెట్టుకున్నదీ అదే.

ఆ లైను చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. అచ్చుతప్పులు పట్టే ఏ ప్రోగ్రామూ దీన్ని పట్టదు, గంప మంచి తెలుగు మాటే. చదివిన మనిషి కూడా ఆ సవర మాటకి గంప అని అర్థం కాబోలు అనుకుంటాడు. కొండ మీద పిల్ల ఎవరైనా యాప్‌లో చూసి, మా అమ్మమ్మ దీన్ని వేరేలా అంటుందే అనుకుని, అచ్చులో ఉన్నదే నిజమని ఊరుకోవచ్చు. తెలుగులాంటి పెద్ద భాషలో అయితే ఇంకో పది చోట్ల సరైనది దొరికి తప్పు బయటపడుతుంది. ఇక్కడ మా పట్టిక తర్వాత చూడ్డానికి ఇంకో పట్టిక చాలాచోట్ల లేదు. మాస్టారి నోటు పుస్తకం ఉంది, ఆయనకి చెప్పిన ముసలమ్మ ఉంది, అంతే.

చరిత్రని తిరగరాయకుండా, కంప అని సరిచేస్తూ కొత్త కమిట్ పెట్టాను. కమిట్ సందేశంలో జరిగిందంతా రాశాను, ఏ బిట్, ఏ కమిట్, ఎలా పట్టుకున్నామో. ఇప్పుడు మెయిన్‌కి పుష్ అయ్యే ప్రతి రీబేస్‌నీ రెండో యంత్రంలో మళ్ళీ నడిపి ట్రీ హాష్ పోల్చే స్క్రిప్ట్ ఒకటి ఉంది, బావ పాత లాప్‌టాప్ ఇప్పుడు ఆ పనికే మా ఇంట్లో ఉంటోంది. వాళ్ళమ్మాయికి కొత్తది కొన్నారు. గంప అని ఉన్న రోజుల్లో ఎవరెవరు యాప్ దించుకున్నారో తెలుసుకునే వీలు లేదు, అందుకని కొత్త వెర్షన్ వచ్చిందని బళ్ళకి ఒక్కొక్కదానికీ ఫోన్ చేసి చెబుతున్నాం. మాస్టారు మాత్రం యంత్రాల మీద పూర్తిగా వదిలెయ్యలేదు. నోటు పుస్తకాలు పక్కన పెట్టుకుని, ముద్రించిన పట్టికని అక్షరం వెంట అక్షరం చదువుతున్నారు. ఇప్పటికి క, గ అక్షరాలు అయ్యాయి, చ లో ఉన్నారు.